ప్రాక్టికల్ రికార్డులో మేము చూసిన అంకెనే రాయనివ్వండి: సైన్సు అధ్యాపకులకు, పరీక్షల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జూనియర్ కళాశాలల సైన్సు అధ్యాపకులకు, ఇంటర్మీడియట్ ప్రాక్టికల్ పరీక్షల బాధ్యత చూస్తున్న అధికారులకు,

నమస్కారం. నేను హైదరాబాదులో బి.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థినిని. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో విద్యార్థుల చేత రీడింగులు మార్పించే అలవాటు గురించి నేను చదివిన కళాశాల ప్రిన్సిపాల్ గారికి ఒకసారి, సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి రసీదు మాత్రం ఇచ్చారు. మూడోదాన్ని తీసుకున్న గుమాస్తా గారు చదివి చూసి, "ఇందులో కంప్లైంట్ ఏముందమ్మా, మార్కులు బాగానే వచ్చాయిగా" అన్నారు. ఆయన అన్నది నిజమే. రాయకూడనిది రాసినందుకు నాకు మార్కులు బాగానే వచ్చాయి, నా ఫిర్యాదే అది. అర్జీల దారి మూసుకుపోయింది కనుక ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇంటర్ రెండో సంవత్సరంలో లఘులోలకం ప్రయోగం చేశాం. దారానికి లోహపు గుండు కట్టి, చీల్చిన బిరడాలో దారాన్ని బిగించి, పొడవు మారుస్తూ 20 డోలనాలకు ఎంత సమయం పడుతుందో కొలిచి, దాని నుంచి గురుత్వ త్వరణం విలువ కట్టడం ఆ ప్రయోగం. నేను 60 సెంటీమీటర్ల నుంచి 100 సెంటీమీటర్ల వరకు అయిదు పొడవులు తీసుకున్నాను. గురుత్వ త్వరణం (సెకను వర్గానికి సెంటీమీటర్లలో) వరుసగా 961, 966, 964, 969, 970 వచ్చింది. సగటు 966. రికార్డులో అదే రాసి సంతకానికి పెట్టాను. మా అధ్యాపకులు 966 చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన పుస్తకంలోని విలువ 980 అని వేసి తిరిగి ఇచ్చారు. ఎందుకు సార్ అని అడిగితే, "ఎక్స్‌టర్నల్ చూస్తే మార్కులు కోసేస్తాడు, నీ మంచికే చెబుతున్నా" అన్నారు. ఎక్స్‌టర్నల్ అంటే ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్.

ఆయన చెడ్డవారు కారు. మూడు సెక్షన్లకు పాఠాలు చెబుతూ, ప్రాక్టికల్సుకు నెల ముందు మాత్రమే తాళం తీసే ల్యాబులో అన్ని ప్రయోగాలూ ముగించాల్సిన మనిషి. తన ముందు గుట్టగా పడి ఉన్న రికార్డుల్లో ప్రతి అంకె వెనుకా ఏం జరిగిందో అడిగే తీరిక ఆయనకు లేదు. ఈ లేఖ ఆయన మీద కాదు. ఆయన పేరు గానీ కళాశాల పేరు గానీ ఇందులో లేకపోవడానికి కారణం భయం కాదు. ఇదే మాట నగరంలోని మరో పది ల్యాబుల్లో మరో పది మంది అంటున్నారని స్నేహితుల ద్వారా తెలుసు కాబట్టి, ఒక్కరి పేరు చెప్పడం అన్యాయమవుతుంది.

నేను రెండు వారాలు దిద్దలేదు. రికార్డు మీద సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంట్లో విషయం తెలిసి నాన్న, "ఒక్క అంకె కోసం ఏడాది పోగొట్టుకుంటావా" అన్నారు. చివరికి ఒక రాత్రి కూర్చుని, 980 రావాలంటే సమయం ఎంత ఉండాలో వెనక నుంచి లెక్క కట్టాను. 80 సెంటీమీటర్ల వరుసలో 36.2 సెకన్లు ఉన్నచోట 35.9 కావాలి. పాత అంకెను బ్లేడుతో గీకి, కాగితం పలచబడినచోట ఇంకు పాకకుండా మెల్లగా కొత్త అంకె వేశాను. అయిదు వరుసలూ అలాగే. మర్నాడు సంతకం అయింది. ప్రాక్టికల్సులో 30కి 29 వచ్చాయి. నా చేయి పట్టుకొని ఎవరూ రాయించలేదు. గీకింది నేనే. అందుకే ఈ లేఖలో నన్ను బాధితురాలిగా మాత్రమే చూపుకోలేను.

ఆ తరువాత జరిగింది చెబితేనే నేను ఇంత పట్టుబట్టడానికి కారణం మీకు అర్థమవుతుంది. డిగ్రీలో చేరాక అదే ప్రయోగం మళ్లీ చేయాల్సి వచ్చినప్పుడు నా పాత రఫ్ బుక్కు తీసి చూశాను. రికార్డులో నేను గీకేసిన అంకెలు పెన్సిలుతో అందులో అలాగే ఉన్నాయి. వాటిని ఈసారి తీరిగ్గా చూస్తే, పొడవు పెరిగే కొద్దీ విలువ కూడా మొత్తం మీద పెరుగుతూ పోయింది. చేతివణుకు వల్ల వచ్చే తేడా అయితే అటూ ఇటూ ఉండాలి గానీ ఒకే వైపు పోకూడదు. చాలాసేపటికి తట్టింది. నేను పొడవును బిరడా నుంచి గుండు పైభాగం వరకే కొలిచాను. గుండు మధ్యబిందువు వరకు కొలవాలి. వెర్నియర్ కాలిపర్సుతో కొలిస్తే గుండు వ్యాసం 1.8 సెంటీమీటర్లు అని అదే పేజీ మూలన రాసుకుని ఉన్నాను, కానీ అందులో సగాన్ని పొడవుకు కలపడం మరిచిపోయాను. 60 సెంటీమీటర్ల మీద 0.9 తప్పిపోతే దెబ్బ ఎక్కువ, 100 మీద తక్కువ. అంకెలు పెరుగుతూ పోవడానికి కారణం అదే. ఆ 0.9 కలిపి మళ్లీ లెక్క వేస్తే సగటు 977 వచ్చింది.

ఇక్కడ మరో సంగతి ఉంది, దీనికి నాకు నవ్వు కూడా వచ్చింది. గురుత్వ త్వరణం భూమి మీద అంతటా ఒకేలా ఉండదు. ధ్రువాల దగ్గర ఎక్కువ, భూమధ్యరేఖ దగ్గర తక్కువ, ఎత్తుకు పోయే కొద్దీ ఇంకాస్త తక్కువ. 1901లో అంతర్జాతీయంగా ప్రామాణికమని నిర్ణయించిన 980.665 అనే విలువ దాదాపు 45 డిగ్రీల అక్షాంశానికి సరిపోయేది. 17 డిగ్రీల అక్షాంశంలో, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న మన హైదరాబాదులో అది సుమారు 978. అంటే పుస్తకంలోని గుండ్రటి 980 కోసం నేను గీకేసిన అంకెల్లో, ఒక్క కూడిక తరువాత, మా ఊరి అసలు విలువకు అంతకన్నా దగ్గరైన జవాబు దాగి ఉంది. ఉప్పల్ రోడ్డులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961 నుంచి ఉంది. అదే నగరంలోని ల్యాబుల్లో మా లోలకాలన్నీ ఏడాదికేడాది ఎక్కడో ఉత్తరాన ఊగుతున్నాయి.

ఆ రోజు నా 966ను చూసి మా సార్ "గుండు వ్యాసార్థం కలిపావా?" అని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. ఆ తప్పుకు రెండు మార్కులు కోసినా నాకు అభ్యంతరం ఉండేది కాదు, ఎందుకంటే అది నేను నిజంగా చేసిన తప్పు. నా తప్పును పట్టుకోకుండా నా అంకెను దిద్దారు. తప్పు అలాగే ఉండిపోయింది, దాన్ని పట్టించే ఆధారం మాత్రం చెరిగిపోయింది.

సైన్సు చరిత్రలో చూసిన అంకెను దిద్దకుండా ఉంచినవారి ఉదాహరణలు మీకు నేను చెప్పాల్సిన పని లేదు, అయినా రెండింటిని గుర్తు చేస్తాను. గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయనాల నుంచి తయారు చేసిన నైట్రోజన్ కన్నా దాదాపు వెయ్యో వంతు బరువెక్కువ తూగుతోందని గమనించిన శాస్త్రవేత్త లార్డ్ రేలీ, ఆ తేడాను సర్దేయకుండా, కారణం తోచినవారు చెప్పమని 1892లో నేచర్ పత్రికకు ఉత్తరం రాశారు. రెండేళ్లకు ఆయన, విలియం రామ్సే కలిసి అందులో ఆర్గాన్ అనే కొత్త వాయువును పట్టుకున్నారు. నా 966కు, 980కు మధ్య తేడా దాదాపు ఒకటిన్నర శాతం. ఆయన వదలనిదానికి పది రెట్లకు పైనే. రెండోది మన ఊళ్లోదే. బేగంపేటలో ఇప్పటికీ నిలిచి ఉన్న భవనంలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశారు. అంతకుముందు ఎన్నో దోమలను కోసి చూసి, ఏమీ దొరకనప్పుడు దొరకలేదనే రాసుకున్నారు. ఆ "దొరకలేదు"లను ఎవరైనా సంతకం కోసం దిద్దించి ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

ఇది పిల్లల రికార్డు, దీనికి ఇంత రాద్ధాంతం ఎందుకు అనేవారు ఉన్నారు. ల్యాబు తలుపు దాటాక ఈ అలవాటు ఎవరి మీద పడుతుందో చూడమని కోరుతున్నాను.

1. ఇంటర్ బైపీసీ చదివిన వారిలో ఎందరో ల్యాబ్ టెక్నీషియన్లు అవుతారు. రక్తం తీసేటప్పుడు గానీ తరువాత గానీ నమూనాలో ఎర్రకణాలు చితికితే పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. అలాంటప్పుడు మళ్లీ రక్తం తీసి పరీక్ష చేయాలి. "రావలసిన అంకె" ముందే తెలిసి, దానికి తగ్గట్టు రాయడం పదిహేడేళ్ల వయసులో నేర్చుకున్న చేయి అక్కడ ఏం చేస్తుంది? నిజంగానే పొటాషియం పెరిగిన కిడ్నీ రోగి కాగితం మీద కూడా "నార్మల్" అని పడితే, రోజు కూలీ వదులుకొని, అప్పు చేసి పరీక్ష చేయించుకున్న మనిషికి ఆ కాగితమే ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరు గారు చూసేది ఆ కాగితాన్నే, రోగి కూడా నమ్మేది దాన్నే. మధ్యలో చెరిగిన అంకె ఎవరికీ కనిపించదు.

2. ఇంజనీరింగుకు పోయినవారి సంగతి. కాంక్రీటు పోసిన రోజు 150 మిల్లీమీటర్ల ఘనాలు పోసి పక్కన పెట్టి, 28 రోజులకు యంత్రంలో నలగ్గొట్టి బలం చూస్తారు. తక్కువ వస్తే ఆ అంతస్తు సంగతి తేల్చుకోవాలి. తక్కువ వచ్చినదాన్ని సరిపోయినట్టు రాస్తే, ఇరవై ఏళ్ల బ్యాంకు అప్పుతో ఆ ఫ్లాటు కొన్న కుటుంబం దాని కింద పడుకుంటుంది.

3. కుళాయి నీళ్లలో మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వానాకాలంలో మురుగు కలిసిన పైపు ఏ బస్తీలో ఉందో ముందుగా చెప్పేది ఆ క్లోరిన్‌ను పరీక్షించే చిన్న గాజు గొట్టంలోని రంగే. అలాగే గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, పూర్తి నీటిమట్టం 1790 అడుగులు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రెండూ 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత, మళ్లీ అలాంటిది జరగకూడదని కట్టినవి. అర్ధరాత్రి వానలో గేజీ దగ్గర నిలబడిన ఉద్యోగి తాను చూసిన అడుగునే ఫోనులో చెప్పాలి, పైవారు వినాలనుకున్న అడుగును కాదు. మూసారాంబాగ్‌లో, చాదర్‌ఘాట్‌లో నది ఒడ్డున ఉన్న ఇళ్లవాళ్లు సామాను సర్దుకోవడానికి ఎంత సమయం దొరుకుతుందన్నది ఆ ఒక్క అంకెను బట్టి ఉంటుంది.

4. డబ్బున్న ఇంటి పిల్లవాడికి ట్యూషన్ ఉంటుంది, గైడు ఉంటుంది, రికార్డు రాసిపెట్టే మనిషి కూడా దొరుకుతాడు. ప్రభుత్వ కళాశాల పిల్లకు ఆ ప్రయోగంలో తనదంటూ ఉండేది తన కళ్లతో చూసింది ఒక్కటే. దాన్ని కొట్టేసి పుస్తకంలో అంకె వేయించినప్పుడు, నువ్వు చూసిందానికి విలువ లేదని ఆ పిల్లకు మనం నేర్పుతున్నాం.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఉత్తీర్ణత శాతం తగ్గితే యాజమాన్యం అడుగుతుంది. ఎక్స్‌టర్నల్‌గా వచ్చే అధ్యాపకుడు ఎలాంటివారో తెలియదు. పిల్లవాడి ఎప్‌సెట్ (ఒకప్పటి ఎంసెట్) ర్యాంకు దెబ్బతింటుందన్న భయం తల్లిదండ్రులది. ఈ చివరి భయానికి మాత్రం మన రాష్ట్రంలో ఆధారం ఇప్పుడు బాగా తగ్గింది. ఇంటర్ మార్కులకు ఒకప్పుడు ఇచ్చిన 25 శాతం వెయిటేజీని 2023లో తీసేశారు. రాజ్యాంగం 51ఎ(హెచ్) అధికరణం శాస్త్రీయ దృష్టిని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అంటుంది. 2020 జాతీయ విద్యావిధానం బట్టీ చదువు తగ్గాలంటుంది. వీటిని మేము వ్యాసరచన పోటీల్లో రాసి బహుమతులు కూడా తెచ్చుకుంటాం, ఆ సాయంత్రమే ల్యాబుకు వెళ్లి అంకెలు గీకుతాం.

కనుక ఈ కిందివి కోరుతున్నాను. వీటిలో ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్రయోగం చేసిన రోజే, విద్యార్థి బల్ల దగ్గర నిలబడి ఉండగానే, అబ్జర్వేషన్ పుస్తకంలోని రీడింగుల కింద అధ్యాపకులు తేదీ వేసి సంతకం చేయాలి. రికార్డులోకి ఎక్కేవి ఆ రీడింగులే కావాలి. ఆ తరువాత వాటిని మార్చమనే అధికారం ఎవరికీ ఉండకూడదు. రీడింగు అనుమానంగా ఉంటే ప్రయోగం మళ్లీ చేయించండి, ఆ కొత్త రీడింగులు కొత్త తేదీతో పాతవాటి పక్కన చేరతాయి.

రెండోది, వచ్చిన విలువ పుస్తకంలోని విలువతో ఎందుకు కలవలేదో విద్యార్థి సొంత మాటల్లో అరపేజీ రాయాలి, దానికి 30 మార్కుల్లో తగిన వాటా ఉండాలి. సొంత మాటల్లో అని నొక్కి చెప్పడానికి కారణం, ఇది కూడా "గాలి నిరోధం, మానవ తప్పిదం" అని అందరూ ఒకే రెండు ముక్కలు రాసే తంతుగా మారే ప్రమాదం ఉంది. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ఆ అరపేజీ మీద ఒక ప్రశ్న అడిగితే ఎవరు ఆలోచించారో, ఎవరు ఎత్తి రాశారో ఇట్టే తెలిసిపోతుంది.

మూడోది, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకు ఇచ్చే సూచనల్లో, ప్రామాణిక విలువకు దూరంగా ఉందన్న ఒక్క కారణంతో మార్కులు తగ్గించరాదని స్పష్టంగా రాసి, ఆ సూచనల ప్రతిని ల్యాబు గోడకు అంటించాలి. మా సార్ భయపడింది ఎవరో తెలియని ఆ ఎగ్జామినర్‌కే. ఆ భయం ముందు మీరు తొలగిస్తే, పిల్లల వరకు రాకముందే సగం సమస్య తీరుతుంది.

రీడింగు మార్చనన్నందుకు ఎవరి రికార్డుకైనా సంతకం ఆపితే, కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి, దానిపై అర్జీకి 15 రోజుల్లో జవాబు రావాలి. ల్యాబులు పరీక్షకు నెల ముందు కాక విద్యాసంవత్సరం మొదటి నుంచే తెరవాలి. ఈ రెండూ కొత్త కోరికలు కావు, మీకూ తెలిసినవే.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మా తమ్ముడు ఈ సంవత్సరం ఇంటర్ సెకండియర్. పోయిన వారం రికార్డు తెచ్చి నా ముందు పెట్టాడు. లఘులోలకం పేజీలో 971 చుట్టూ ఎర్ర ఇంకు సున్నా, పక్కన 980. "అక్కా, నువ్వేం రాశావ్?" అని అడిగాడు. అలమరలో నుంచి నా రికార్డు తీసి ఇచ్చాను. వాడు పేజీని దీపానికి ఎదురుగా పట్టుకుని, గీకిన చోట్ల వెలుతురు రావడం చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేశాడు. తరువాత ఇద్దరం కూర్చుని వాడి రఫ్ బుక్కు తిరగేశాం. వ్యాసార్థం వాడు కలిపాడు, ఆ తప్పు వాడిది కాదు. మరెక్కడుందో ఇంకా దొరకలేదు. డోలనాలు లెక్కపెట్టడం సున్నా నుంచి కాక ఒకటి నుంచి మొదలుపెట్టాడేమో అనుకున్నాం. కానీ అలా జరిగి ఉంటే తేడా ఇంతకన్నా చాలా పెద్దదిగా, అదీ పై వైపుకు రావాలి. స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యమా, దారం సాగిందా, ఇంకా చూస్తున్నాం.

వాడు 971 దిద్దలేదు. రికార్డుకు ఇంతవరకు సంతకం కాలేదు. ప్రాక్టికల్సు దగ్గర పడుతున్నాయి కనుక, ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా మీ జవాబు కోరుతున్నాను. నా రఫ్ బుక్కు పేజీని, దాని ఎదురుగా రికార్డు పేజీని, తమ్ముడి అనుమతితో వాడి పేజీని కూడా ఫొటో తీసి అర్జీతో పాటు మళ్లీ పంపుతున్నాను.

భవదీయురాలు,
బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థిని,
హైదరాబాదు